అమ్మ పేరు తీసేసినందుకు

నేను పగ పెట్టుకునే మనిషిని కానని చాలాకాలం అనుకున్నాను. బస్సులో కాలు తొక్కినవాళ్ళని దిగేలోగా మర్చిపోయేదాన్ని. మాటలు మానేసిన పిన్నిని ఎక్కడైనా చూస్తే నేనే ముందు పలకరించేదాన్ని. ఒక్క మనిషిని మాత్రం వదల్లేదు. ఆయన చేసింది చాలామందికి చిన్న విషయంలాగే అనిపిస్తుంది. ఒక కంప్యూటర్ ఫైల్లోంచి రెండు లైన్లు తీసేయించాడు. మొదటి లైన్లో మా అమ్మ పేరుంది, రెండో లైన్లో నా పేరు. నా పేరొక్కటే తీసేయించి ఉంటే నేను ఇంత దూరం వెళ్ళేదాన్ని కాదేమో.

మా అమ్మ విజయవాడలో ఒక ప్రెస్సులో ఇరవై ఏళ్ళకు పైగా డీటీపీ చేసింది. నాన్నకి ఇబ్రహీంపట్నం కరెంటు ప్లాంటులో షిఫ్టులు. ఆయన ఇంట్లో ఉండే వేళ అమ్మ ఉండేది కాదు, అమ్మ వచ్చేసరికి ఆయన బస్సెక్కేవాడు. గుణదల నుంచి రోజూ ప్రెస్సుకి వెళ్ళి పెళ్ళి కార్డులు, స్కూలు గైడ్లు, దినం కార్డులు, చర్చి పాటల పుస్తకాలు, పార్టీల కరపత్రాలు, ఏది వస్తే అది కొట్టేది. తెలుగు అంత వేగంగా కొట్టేవాళ్ళు ఆ వీధిలో ఇంకెవరూ లేరని పక్క ప్రెస్సులవాళ్ళే చెప్పేవాళ్ళు.

తెలుగు పుస్తకం తిప్పితే రెండో పేజీలో డీటీపీ ఎవరు చేశారో ఒక లైను ఉంటుంది. అమ్మ కొట్టిన పుస్తకాలన్నింటిలో అక్కడ ప్రెస్సు ఓనరు బావమరిది పేరుండేది. ఆయన మధ్యాహ్నం వచ్చి, కాఫీ తాగి, ఫోన్లు మాట్లాడుకుని వెళ్ళేవాడు. అమ్మ ఒకసారి అడిగిందట. "పేరులో ఏముందమ్మా, పని ముఖ్యం," అన్నాడట ఓనరు. ఈ మాట మాకు చెప్పేటప్పుడు అమ్మ గొంతులో కోపమేమీ ఉండేది కాదు. ఆమె పడాల్సిన కోపం కూడా నేనే పడేదాన్ని.

నాన్న పోయిన రెండేళ్ళకి ప్రెస్సు మూసేశారు. ఓనరు ఒక పాత హార్డ్ డిస్కు అమ్మ చేతిలో పెట్టి, "నీ పనంతా ఇందులోనే ఉంది, నాకెందుకిక," అన్నాడు. అమ్మ దాన్ని టిఫిన్ క్యారేజీ సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చింది. కొన్నాళ్ళకి మా చర్చి ఫాదర్ గారు పాత పాటల పుస్తకం మళ్ళీ వేయిద్దామని అడిగితే ఆ డిస్కుని నా ల్యాప్‌టాప్‌కి తగిలించాం. ఫైలు తెరిస్తే ఒక్క తెలుగు అక్షరం లేదు. ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, డాలరు గుర్తులు, బ్రాకెట్లు, అన్నీ కలగాపులగంగా ఉన్నాయి.

అమ్మ కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది. "ఇదంతా నేను కొట్టిందేనా?" అంది.

ఆ రోజుల్లో తెలుగు ఫాంట్లు అలా ఉండేవి. ఇంగ్లీషు అక్షరాల చోట్లలో తెలుగు అక్షరాల ముక్కలు కూర్చోబెట్టేవాళ్ళు. తలకట్టు ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క, ఒత్తు ఒక ముక్క. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్లో అది తెలుగు, లేనిచోట చెత్త. ఫోనులో చదవలేం, వెతకలేం, ఎవరికీ పంపలేం. అమ్మ ఇరవై ఏళ్ళ పని అలా చెత్తలా కనిపిస్తోంది. అప్పటికి నేను ప్రోగ్రాములు రాసే ఉద్యోగంలో చేరి చాలా ఏళ్ళయింది. "దీన్ని మామూలు తెలుగులోకి మార్చేది ఒకటి రాస్తాను," అన్నాను.

ఆదివారం చర్చిలో పూజ నుంచి రాగానే కూర్చునేవాళ్ళం. ఏ ఇంగ్లీషు గుర్తు ఏ తెలుగు ముక్కో నాకు పట్టిక కావాలి. అమ్మని అడిగితే నోటితో చెప్పలేకపోయేది. "ఆగు," అని కళ్ళు మూసుకుని డైనింగ్ టేబుల్ మీద వేళ్ళు ఆడించేది. వేళ్ళు ఎక్కడ పడ్డాయో చూసి అప్పుడు చెప్పేది. "మ కొట్టాలంటే ముందు వ, దాని పక్కన తోక. క్ర కావాలంటే రావత్తు ముందే కొట్టేయాలి, క తర్వాత. ఐత్వానికి పైన ఒకటి, కింద ఒకటి." నేను రాసుకునేదాన్ని. ఆ పట్టికలో ప్రతి వరసా ముందు ఆ టేబుల్ మీద అమ్మ వేళ్ళ కింద ఉన్నదే.

అందులో ఒక వరస అమ్మ ప్రెస్సుకి మాత్రమే చెందింది. పెళ్ళి కార్డుల్లో వధువు పేరు ముందు చి.ల.సౌ. అని వేస్తారు కదా, రోజుకి పాతిక సార్లు అది కొట్టలేక, ఫాంట్లు వేయడానికి వచ్చినతన్ని అమ్మ బతిమాలిందట. ఎవరూ వాడని ఒక గుర్తు చోట అతను చి.ల.సౌ. మొత్తాన్ని ఒకే ముక్కగా కూర్చోబెట్టి వెళ్ళాడు. ఆ ఒక్క ప్రెస్సు ఫాంటులో తప్ప ఇంకెక్కడా ఆ గుర్తు కొడితే చి.ల.సౌ. రాదు. పట్టికలో అదీ చేర్చాను.

చివరికి తయారైంది ఒక లైబ్రరీ. మా భాషలో లైబ్రరీ అంటే వేరే ప్రోగ్రాములు తమలో కలుపుకుని వాడుకునే పనిముట్ల పెట్టె లాంటిది. పాటల పుస్తకం చాలావరకు సరిగ్గానే మారింది, మిగిలిన తప్పులు అమ్మ దిద్దింది. అందరికీ పనికొస్తుందని ఆ లైబ్రరీని నెట్‌లో పెట్టేశాను. నెల తిరక్కుండానే తెనాలి నుంచి ఒక లెక్చరర్ గారు మెయిల్ రాశారు. "మీ పని బాగుందండి. కానీ లైసెన్స్ ఫైలు కనపడటం లేదు. వాడుకోవచ్చా, వద్దా?"

బయట పెట్టడమే అనుమతి అనుకున్నాను నేను. కాదట. ఏమీ రాయకుండా వదిలేస్తే చట్టం దృష్టిలో ఎవరూ ముట్టుకోకూడనట్టే లెక్క. అప్పుడు కూర్చుని లైసెన్సులు చదివాను. రెండు వారాలు ఆఫీసుకి పోతూ వస్తూ బస్సులో అదే పని. చదివిన కొద్దీ అవి రెండు రకాలని అర్థమైంది. మొదటి రకం ఏమంటుందంటే, తీసుకో, మార్చుకో, అమ్ముకో, ఏమైనా చేసుకో, కానీ రాసినవాళ్ళ పేర్లూ ఈ కాగితమూ దాంతోపాటు ఉంచు. రెండో రకం ఇంకొంచెం గట్టిది. తీసుకో, కానీ నువ్వు మార్చి ఇంకొకరికి ఇస్తే నీ మార్పుల్నీ ఇదే షరతు మీద బయట పెట్టు. నేను మొదటిది ఎంచుకున్నాను. ఎక్కువమంది వాడాలన్న ఆశ, చిన్నగా ఉందన్న బద్ధకం, రెండూ ఉన్నాయి. హక్కుదారుల చోట పైన అమ్మ పేరు, కింద నా పేరు పెట్టాను.

అమ్మ దగ్గర కూర్చుని దాన్ని తెలుగులో చదివి వినిపించాను.

"అమ్ముకోవచ్చా?" అంది.

"అమ్ముకోవచ్చు."

"మనల్ని అడక్కుండా?"

"అడక్కుండానే."

"పేరు తియ్యకూడదని రాశావా?"

"రాశాను."

"అంతే చాలు," అని లేచి కూర తాలింపు వేయడానికి వెళ్ళింది. ఆ పూట కూర మాడింది.

అప్పుడు నేను పనిచేసే ఆఫీసు బెంజ్ సర్కిల్ దగ్గర, ఒక చీరల షాపు పైన మూడో అంతస్తులో ఉండేది. ఎండీ గారిది ఉయ్యూరు వైపు చెరుకు పండించే కుటుంబం. ఇరవైమంది స్టాఫ్ ఉన్నా ఇంట్లో పిల్లలతో మాట్లాడినట్టే మాట్లాడేవాడు. ఆయనకి లైబ్రరీ చూపించాను. గర్వంతోనే చూపించాను, దాచడం ఎందుకు. ఆయన తెర వంక ఒక నిమిషం చూసి నవ్వాడు. ఉద్యోగంలో ఉండగా చేసిన పని కాబట్టి తర్వాత తగువు రాకూడదని, ఇది ఆదివారాలు ఇంట్లో మా అమ్మా నేనూ చేసుకున్నదనీ, కంపెనీకి సంబంధం లేదనీ మెయిల్ కూడా పెట్టాను. దానికి ఆయన ఇచ్చిన జవాబు నాకింకా కంఠతా వచ్చు. "చచ్చిపోయిన ఫాంట్లతో మన కంపెనీకి పని లేదమ్మా. ఇంట్లో మీ అమ్మగారితో ఆడుకో."

ఆ మెయిల్ తీసేయలేదు. ప్రింటు కూడా తీసి పెట్టుకున్నాను. ఎందుకని అప్పుడడిగితే చెప్పలేకపోయేదాన్ని.

మరుసటేడు అమ్మకి కంటి ఆపరేషన్ అయితే వారం సెలవడిగాను. రెండు రోజులన్నాడు. ఉద్యోగం మానేసి, ఇంటి నుంచే చేసుకునే వేరే పని చూసుకున్నాను. అక్కడితో ఆయన సంగతి మర్చిపోయినట్టే.

తర్వాత ఒకరోజు అమ్మకి ఆహ్వానం వచ్చింది. పాత పుస్తకాలన్నింటినీ ఫోనుల్లో చదువుకునేలా మార్చాలని పబ్లిషర్లు కొందరు కలిసి ఒక ట్రస్టు పెట్టుకున్నారు. ఆ సభలో పాత డీటీపీ ఆపరేటర్లకి శాలువాలు కప్పుతారట. అమ్మ నీలం పట్టుచీర కట్టుకుంది. నేను తోడు వెళ్ళాను. హోటల్ హాల్లో ముందు వరసలో అమ్మతో పాటు ప్రెస్సుల్లో చేసిన నలుగురైదుగురు కూర్చున్నారు. శాలువాల తర్వాత, ఈ మార్పిడి పని చేయబోయే కంపెనీ తరఫున మాట్లాడటానికి ఒకాయన వేదిక ఎక్కాడు. మా ఎండీ గారు.

తన సాఫ్ట్‌వేర్ పేరు చెప్పాడు. తన టీము రాత్రింబవళ్ళు కష్టపడి తయారుచేసిందన్నాడు. "ఒక్కో అక్షరం పట్టుకుని కూర్చున్నామండీ," అన్నాడు. చెప్తూ చెప్తూ నన్ను చూశాడు. తడబడతాడేమో అనుకున్నాను, తడబడలేదు. "మా దగ్గర పని నేర్చుకున్న అమ్మాయి కూడా ఇక్కడే ఉన్నారు, సంతోషం," అన్నాడు. నలుగురూ నా వైపు తిరిగి చప్పట్లు కొట్టారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

మాటలయ్యాక అక్కడే ఒక బల్ల మీద కంప్యూటర్ పెట్టి, ఎవరైనా వచ్చి పాత పద్ధతిలో కొట్టి చూడొచ్చన్నారు. అమ్మ శాలువా మడిచి నా ఒళ్ళో పెట్టి లేచింది. నేను చెప్పలేదు, ఆమె నన్ను అడగలేదు. బల్ల దగ్గర నిలబడే ఒక్క మీట నొక్కింది. వెనక పెద్ద తెర మీద చి.ల.సౌ. అని పడింది.

ఎవరికీ అర్థం కాలేదు. ఎవరో పెళ్ళి కార్డని నవ్వారు. అమ్మ తిరిగొచ్చి కూర్చుని, నా చెవి దగ్గర, "మనదే," అంది. శాలువా తీసుకుని మళ్ళీ కప్పుకుంది. ఆ మాట విన్నాక నా మనసులో ఒక తలుపు మూసుకుంది.

ఇంటికొచ్చి ఆ కంపెనీ సైటు నుంచి, చూడటానికి ఉచితంగా ఇస్తున్న కాపీ దించుకున్నాను. లోపల పట్టిక ఉన్న ఫైలు మామూలుగానే తెరుచుకుంది. వరసలు అవే, వాటి క్రమమూ అదే. ఒక చోట నేను రాసుకున్న గమనికలో ‘ఒత్తు’ అనే మాటని తప్పుగా ‘ఒత్తూ’ అని కొట్టాను, ఆ దీర్ఘంతో సహా ఉంది. పైన లైసెన్స్ లేదు. మా రెండు పేర్ల చోట ఆ కంపెనీ పేరు, సర్వహక్కులూ తమవేనన్న మాట. ప్రెస్సు ఓనరు బావమరిది నాకు కళ్ళ ముందు కనిపించాడు. అమ్మకి రెండోసారి జరిగింది. ఈసారి ఆమె పేరు నేను రాసి పెట్టాను, రాశాక కూడా తీసేశారు.

మా చర్చి పాటల బృందంలో ఒకావిడ లాయరు. కోర్టు దగ్గర ఆఫీసు. రెండు ఫైళ్ళూ, ఎండీ గారి మెయిల్ ప్రింటూ పట్టుకెళ్ళి ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ లైసెన్స్ రెండుసార్లు చదివి, "ఇది చిన్నదే కానీ గట్టిదే. షరతు పాటిస్తేనే అనుమతి. పాటించకపోతే అనుమతే లేదు, అప్పుడిక కాపీ కొట్టినట్టే," అన్నారు. మెయిల్ చదివి నవ్వారు. "ఇది ఆయనే రాసిచ్చాడా? కంపెనీ సొత్తు అని అనడానికి కూడా లేకుండా చేసుకున్నాడే." తర్వాత కాగితాలు పక్కన పెట్టి, "మామూలుగా అయితే ముందు ఒక మెయిల్ పెడితే సరిపోతుందమ్మా. పేర్లు మళ్ళీ పెట్టేస్తారు," అన్నారు.

"పెట్టను మేడం," అన్నాను.

"ఎందుకని?"

"పేర్లు మళ్ళీ పెట్టేస్తారు కాబట్టి."

ఆవిడ నా మొహం చూసి, నోటీసు రాయడానికి కాగితం ముందుకు లాక్కున్నారు.

ట్రస్టూ ఆ కంపెనీ కలిసి ఒప్పందం మీద సంతకాలు చేయడానికి ఇంకా మూడు వారాలుందని నాకు సభలోనే తెలిసింది. ఆ మూడు వారాలూ ఆగాను. ఆగడం నాకు కష్టంగా లేదు. రోజూ ఆయన ఫేస్‌బుక్ పేజీ చూసేదాన్ని. సంతకాల సభకి మంత్రిగారి పీఏ వస్తున్నారని పెట్టాడు. బంధువుల్ని పిలిచినట్టు పెట్టాడు. ఇంకా పెద్దది కానీ, ఇంకా పదిమందిని పిలవనీ అనుకునేదాన్ని. మంచి మనిషి అలా అనుకోదని తెలుసు. తెలిసే అనుకున్నాను. లాయరు గారి నోటీసు, పక్కపక్కన పెట్టిన రెండు ఫైళ్ళ ప్రింట్లు, అన్నీ సిద్ధంగా బీరువాలో చీరల కింద ఉండేవి.

సంతకాల రోజు పొద్దున తొమ్మిదింటికి ట్రస్టు కార్యదర్శి గారికీ ఆయనకీ ఒకేసారి పంపాను. తర్వాత అమ్మ వేసిన పెసరట్లు మూడు తిన్నాను. అంత రుచిగా ఎప్పుడూ తినలేదు. పదిన్నరకి ఆయన ఫోను వచ్చింది. ఎత్తలేదు. పదకొండింటిలోపు మరో ఏడు సార్లు వచ్చింది. ఒక్కొక్కసారి మోగడం ఆగేదాకా వింటూ కూర్చున్నాను. ఆ రోజు సంతకాలు జరగలేదు.

మర్నాడు సాయంత్రం నాలుగింటికి ఆయనే గుణదల వచ్చాడు. కారు సందులో పట్టక మెయిన్ రోడ్డు మీద వదిలేసి, ఎండలో నడిచొచ్చాడు. అమ్మ కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చింది.

"ఏంటమ్మా ఇది," అన్నాడు నాతో, నీళ్ళు తాగి. "ఫ్రీగా పెట్టిందే కదా మీరు. ఫ్రీగా పెట్టినదాన్ని తీసుకుంటే తప్పా?"

"తీసుకోవడం తప్పు కాదండీ. అమ్ముకోవడమూ తప్పు కాదు. పేర్లు తీసేయడం తప్పు. ఒక్కటే షరతు పెట్టాం."

"అసలు నువ్వు మా దగ్గర జీతం తీసుకుంటూ చేసిందేగా అది?"

ఈ మాట కోసమే మూడు వారాలుగా ఎదురుచూస్తున్నాను. ప్రింటు తెచ్చి ఆయన చేతికిచ్చాను. చదివాడు. కింద ‘మీ అమ్మగారితో ఆడుకో’ అన్న చోట ఆగిపోయాడు. ఎదురుగా అమ్మ కూర్చుని ఉంది. ఆమెకి ఆ మెయిల్ సంగతి అప్పటిదాకా నేను చెప్పలేదు.

"ఏముంది అందులో?" అంది అమ్మ.

"పైకి చదవండి సార్," అన్నాను.

ఆయన చదవలేదు. కాగితం మడిచి నాకిచ్చి, అమ్మ వైపు చూడకుండా, "ఏం కావాలో చెప్పమ్మా," అన్నాడు. మళ్ళీ ఉద్యోగం ఇస్తానన్నాడు. మొదటి తెర మీద కృతజ్ఞతలు అని వేస్తానన్నాడు.

"లైసెన్స్ పూర్తిగా, పేర్లు రెండూ, ఎక్కడ తీశారో అక్కడ పెట్టాలి," అన్నాను. "ఇంకొకటి. ఆ హాల్లో, అంతమంది ముందు అన్నారు కదా ఒక్కో అక్షరం పట్టుకుని కూర్చున్నామని. ఎవరు కూర్చున్నారో అదే హాల్లో మీరే చదవాలి."

రెండోది లైసెన్స్‌లో లేదని లాయరు గారు ముందే చెప్పారు. లేనిది అడిగే హక్కు నాకు లేదు. ఆ సంగతి ఆయనకి తెలియదు, నేను చెప్పలేదు. ఈ తగువు తేలేదాకా తమ దగ్గరికి రావద్దని ట్రస్టువాళ్ళు అప్పటికే ఆయనకి చెప్పేశారు. ఒప్పుకున్నాడు.

ట్రస్టు నెలవారీ సమావేశంలో చదివాడు. శాలువాల రోజు వచ్చినవాళ్ళలో చాలామంది వచ్చారు. కొందరికి నేనే ఫోన్ చేసి పిలిచాను. కాగితం పట్టుకుని గబగబా చదువుతూ అమ్మ ఇంటిపేరు తప్పు పలికాడు. ముందు వరస నుంచి అమ్మ, కూర్చునే, "సరిగ్గా చదవండి," అంది. పెద్దగా అనలేదు, హాలంతా వినపడింది. ఆయన మళ్ళీ చదివాడు. చెమట చెంపల మీదుగా కాలరులోకి కారుతోంది. అక్కడితో నాకు చాలనిపించాలి. అనిపించలేదు. మూడోసారి కూడా చదివితే బాగుండుననిపించింది.

ఆ పని ట్రస్టువాళ్ళు ఆయనకివ్వలేదు. మా లైబ్రరీనే పేర్లతో సహా వాడుకునే ఇంకో కంపెనీకిచ్చారు. వార్త తెలిసినరోజు అమ్మకి స్వీట్లు తెచ్చాను.

ఆ వారంలోనే ఆ ఆఫీసులో నా పక్క సీట్లో పనిచేసినామె ఇంటికొచ్చింది. నాకంటే రెండేళ్ళు చిన్న, అక్కా అని పిలిచేది. మధ్యాహ్నాలు ఇద్దరం క్యారేజీలు మార్చుకుని తినేవాళ్ళం. గుమ్మం దగ్గరే నిలబడి, "నన్ను తీసేశారక్కా," అంది. ఆ పని పోయాక ఆరుగుర్ని మాన్పించాడట, మొదటి పేరు ఆమెదేనట.

లోపలికి రమ్మన్నాను. కూర్చుని కాసేపటికి, "ఆ రెండు లైన్లు తీసింది నేనే," అంది. "తీసెయ్యమన్నారు, తీసేశాను. నీ పేరు చూశాను. అమ్మగారి పేరూ చూశాను. కనీసం నీకు ఫోన్ చేసి చెప్పాల్సింది."

ఆమె మీద కోపం రావాలని చూశాను, రాలేదు.

"ఐత్వం తప్పు పడుతుంటే మూడు నెలలు కూర్చుని బాగుచేశాను నేను," అంది. "మీ దాంట్లో ఆ తప్పు ఇంకా ఉంది. నా పేరు కూడా ఎక్కడా లేదు కదక్కా."

మూడు వారాలు ఆగినప్పుడు, మెయిల్ పెట్టనన్నప్పుడు, పెసరట్లు తిన్నప్పుడు, ఆ మూడో అంతస్తులో ఆయన ఒక్కడే ఉన్నట్టు అనుకున్నాను. ముందే ఒక మెయిల్ పెట్టి ఉంటే ఈమె ఉద్యోగం ఉండేది. ఈ సంగతి లాయరు గారికీ అమ్మకీ ఎవరికీ చెప్పలేదు. నాకు తెలిసిన రెండుచోట్ల ఆమె గురించి చెప్పాను. ఒకచోట తీసుకున్నారు.

అంతటితో వదిలేసి ఉండొచ్చు. కానీ ఆయన పేర్లు మళ్ళీ పెట్టి, లైసెన్స్ మళ్ళీ పెట్టి, ఆ సాఫ్ట్‌వేర్ ఆఫీసులకీ ప్రెస్సులకీ అమ్ముకుంటూనే ఉన్నాడు. షరతు పాటిస్తున్నాడు కాబట్టి ఆపలేను. ఇది నాకు నిద్రలో కూడా మింగుడు పడేది కాదు. లాయరు గారిని అడిగాను. ఈ ఒక్క మనిషి వాడకూడదని రాయొచ్చా అని.

"రాస్తే అది నువ్వు చెప్పిన లైసెన్స్ కాదమ్మా. అందరికీ అన్నాక ఆయనకి కూడా. ఇచ్చేసినదాన్ని వెనక్కి తీసుకోలేవు," అన్నారు. "కొత్తగా రాసేదానికి వేరే షరతు పెట్టుకోవచ్చు. ఇద్దరూ ఒప్పుకోవాలి, మీ అమ్మగారూ నువ్వూ."

అప్పటికి అమ్మ స్నేహితురాళ్ళు, అంటే శాలువాల రోజు పక్కన కూర్చున్నవాళ్ళు, ఆదివారాలు మా ఇంటికి వస్తున్నారు. ఒక్కొక్కరిదీ ఒక్కో ప్రెస్సు, ఒక్కో ఫాంటు. టేబుల్ చుట్టూ కూర్చుని వేళ్ళు ఆడించేవాళ్ళు. లైబ్రరీలో కొత్త పట్టికలు చాలా చేరాయి. ఆ కొత్త కూర్పుకి రెండో రకం లైసెన్స్ పెడదామన్నాను అమ్మతో. మార్చి ఇంకొకరికి ఇచ్చేవాళ్ళు తమ మార్పులూ బయట పెట్టాలన్నది.

"ఆయన కోసమేనా?" అంది.

"ఆయన కోసమే."

"మిగతావాళ్ళకి ఇబ్బందా?"

"దాచుకోవాలనుకునేవాళ్ళకే ఇబ్బంది."

"అయితే పెట్టు," అంది. "వీళ్ళ పేర్లూ రాయి. ఇంటిపేర్లతో సహా."

నేననుకున్నట్టే జరిగింది. అన్ని ఫాంట్లూ కావాలని ఆయన దగ్గర కొన్నవాళ్ళు అడగడం మొదలుపెట్టారు. పాత కూర్పులో లేవు. కొన్నాళ్ళు సొంతంగా చేయించబోయి, చేతకాక, కొత్త కూర్పు తీసుకున్నాడు. తీసుకున్నాక షరతు ప్రకారం ఆ లైబ్రరీలో తన కంపెనీ చేసిన మార్పులన్నీ బయట పెట్టాడు. ఈసారి లాయరు అవసరం లేకుండానే పెట్టాడు. ఆ పేజీ తెరిచి చూసిన పొద్దున, మెడ పట్టుకుని వంచినంత తృప్తిగా ఉంది నాకు.

వాటిలో ఐత్వం మార్పు ఉంది. చదివి చూశాను. నేనెప్పటికీ ఆలోచించలేని పద్ధతిలో, శుభ్రంగా చేసి ఉంది. ఎవరు చేశారో నాకు తెలుసు. కానీ దాని మీద ఉన్నది కంపెనీ పేరు. దాన్ని మా లైబ్రరీలోకి తెచ్చుకుంటే నేను పెట్టిన లైసెన్స్ ప్రకారమే, వాళ్ళ పేరు మా పేర్ల కింద నేను ఉంచి తీరాలి. పక్క సీటామెకి ఫోన్ చేశాను. నీ పేరు కృతజ్ఞతల్లో రాస్తానన్నాను.

"వద్దక్కా," అంది. "ఆయన చూస్తే ఈ కొత్త ఆఫీసువాళ్ళకి ఏదో ఒకటి చెప్తాడు. నాకెందుకు. నువ్వు వాడుకో."

మూడు రోజులు ఆ మార్పు పక్కనే పెట్టుకుని తిరిగాను. అది లేకపోతే పాత పుస్తకాల్లో ఐత్వమున్న ప్రతి మాటా తప్పుగా మారుతూనే ఉంటుంది. నాలుగో రోజు కలిపాను. హక్కుదారుల వరసలో అమ్మ పేరు, నా పేరు, అమ్మ స్నేహితురాళ్ళ పేర్లు, అన్నింటికీ కింద ఆయన కంపెనీ పేరు నా చేత్తోనే కొట్టాను.

ఏ ఫైలైనా బయటికి వెళ్ళేముందు అమ్మ ఒకసారి చూస్తుంది. అలవాటు. ప్రూఫు చూసినట్టే వేలు పెట్టి ఒక్కో లైనూ చదువుతుంది. చివరి లైను దగ్గర వేలు ఆగింది.

"ఇక్కడ ఒక అక్షరం పోయింది చూడు," అంది.

కావాలనే వదిలేశానని చెప్పలేదు. అమ్మ నా కుర్చీ పక్కనే నిలబడి ఉంది, వేలు తీయలేదు. నేను ఆ అక్షరం కొట్టేదాకా తీయలేదు.